పదకొండు నిమిషాల ఎర్రచొక్కా

ఇకునో, ఒసాకా
సెప్టెంబరు 14

ఓక్‌హీ అత్తకి,

నీ మేనల్లుడు సుహో నమస్కరించి రాసేది. ఇక్కడ మేమంతా కులాసా. నువ్వూ, మామయ్యా వొన్‌సాన్‌లో కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నాన్న ఎప్పట్లాగే "నువ్వే రాయరా, నా చేతికి జిగురంటింది" అన్నాడు. చెప్పుల అట్టలు అంటించే పని మానేదాకా ఆయన చేతికి జిగురు వదలదు, ఆయన తన అక్కకి ఉత్తరం రాయడు. పార్సెల్లో ఉన్ని బనీన్లు, కడుపునొప్పి మాత్రలు, మామయ్యకి చదువుకునే కళ్లద్దాలు పెట్టాం. అద్దాలు సరిపోకపోతే రాయి, మార్చి పంపుతాం.

అసలు సంగతికి వస్తాను. నాకు ఒకేసారి రెండు సంబంధాలు వచ్చాయి. కంగారు పడకు, రెండూ దేశాలే.

మొదటిది మన వాళ్లది, నువ్వుండే దేశానిది, ఎర్రచొక్కా. ప్యొంగ్యాంగ్ నుంచి కబురు వచ్చింది. మార్చిలో అర్హత పోటీలున్నాయి, ఎడమవైపు కాపుకాసే ఆటగాడు కావాలి, వస్తావా అని. రెండోది జపానుది. మా క్లబ్బు కోచ్ నొమురా గారు పిలిచి టీ ఇచ్చాడు. ఆయన టీ ఇచ్చాడంటే ఏదో ఉందన్నమాటే. "ఇక్కడే పుట్టినా నీ కాగితాలు పరాయివే. మార్చుకుని ఈ దేశపు పౌరుడివైపో. పైవాళ్ల కన్ను నీ మీద ఉంది. ఏడాదిలో నీలంచొక్కా వేసుకుంటావు" అన్నాడు.

మా ఫుట్‌బాల్ ఆటలో ఒక రూలుంది అత్తా. ఒక దేశం తరఫున అసలు పోటీలో ఒక్క నిమిషం ఆడినా, ఇక చచ్చేదాకా ఆ దేశమే. విడాకుల్లేవు. పైగా జపాను కాగితాలు తీసుకున్నవాణ్ణి అక్కడికి రానివ్వడం కష్టమని అందరూ అంటున్నారు. ఇక్కడి మన వాళ్ల బడిలో ఆఖరి ఏడాది పిల్లలందరినీ ప్యొంగ్యాంగ్ తీసుకొచ్చినప్పుడు నేనొక్కణ్ణే కాలు విరిగి మంచంలో ఉన్నాను. నిన్ను ఇంతవరకూ ఫోటోలో తప్ప చూడలేదు. ఇప్పుడు తప్పుగా ఎంచుకుంటే ఎప్పటికీ అంతే.

నాయనమ్మ బాగానే ఉంది. మోకాళ్లు నొప్పులంటుంది గానీ కేకలు మాత్రం తగ్గలేదు. నిన్ను అడిగానని రాయమంది.

నువ్వైతే ఏం చేస్తావో చెప్పు.

నీ మేనల్లుడు
యాంగ్ సుహో


వొన్‌సాన్
నవంబరు 3

మేనల్లుడు సుహోకి,

దేశం చల్లని నీడలో మేము ఏ లోటూ లేకుండా ఉన్నాము. మీరందరూ ఆరోగ్యంగా ఉండి, పరాయి నేల మీద కూడా మన జాతి గౌరవం నిలబెట్టాలని కోరుకుంటున్నాను.

ఒరేయ్ సుహో, నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. రెండు సంబంధాలొచ్చాయట, మురిసిపోతున్నావు. ఇరవై మూడేళ్లొచ్చాయి, ఒక్క అసలు సంబంధం వచ్చిందా నీకు? ముక్కు తిన్నగా ఉన్న ఫోటో ఒకటి పంపు, ఇక్కడ నేను చూస్తాను.

నువ్వు అడిగినదానికి నేను ఒక్కరోజు కూడా ఆలోచించలేదు. ఎర్రచొక్కా వేసుకో. మీ మామయ్యా అదే మాటన్నాడు. అద్దాలు ఆయనకి చక్కగా సరిపోయాయి.

ఎందుకంటే, విను. క్రీడల సంఘం పెద్దమనిషి ఒకాయన మా వీధిలోనే ఉంటాడు. ఆయన్ని అడిగాను. బయట దేశం నుంచి వచ్చి మన జట్టులో ఆడేవాడి ఇంటివాళ్లని అతిథులుగా రానిస్తారట. మా అమ్మని, అదే మీ నాయనమ్మని, తీసుకురా.

జపాను నుంచి ఇక్కడికి పడవెక్కినప్పుడు నాకు పదిహేడేళ్లు. మా చిన్నాన్న కుటుంబంతో వచ్చేశాను. రేవులో అమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఈ ఆర్డరు చెప్పులు ఆరు వందల జతలు అవ్వగానే మేమూ వచ్చే పడవకి వచ్చేస్తాం, నువ్వు ముందెళ్లి ఇల్లు ఊడ్చి ఉంచు" అంది. ఆ ఆర్డరు ముప్పై ఏడేళ్లయినా అవ్వలేదు. నేను ఇల్లు ఊడుస్తూనే ఉన్నాను.

అమ్మకి ఎనభై ఒకటి దాటాయి. మోకాళ్లు నొప్పులని సాకులు చెప్తుందేమో, వినకు. కొత్తపెళ్లికూతురుగా జేజు ద్వీపంలో సముద్రం అడుగుకి దిగి గుల్లలు ఏరుకొచ్చిన మనిషి, విమానం ఒక లెక్కా ఆమెకి? నాకేం పట్టుబట్టలు తేనక్కర్లేదు, బనీన్లు తేనక్కర్లేదు. ఆవిడని తెచ్చి నా ఎదురుగా ఒక్క గంట కూర్చోబెట్టు. ఆ తర్వాత నువ్వు గోల్ వేస్తే వెయ్యి, లేకపోతే లేదు.

నా మేనల్లుడు మన జట్టుకి ఆడబోతున్నాడని ఇప్పటికే వీధంతా చాటేశాను. క్రీడల సంఘం కార్యాలయంలో నీ పేరు, అమ్మ పేరు రాసుకున్నారు. నా పరువు నీ చేతుల్లో ఉంది.

నీ అత్త
ఓక్‌హీ


ఇకునో, ఒసాకా
డిసెంబరు 7

అత్తా,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియక రెండు కాగితాలు చించాను. ఇది మూడోది.

నాయనమ్మ లేదు. పోయి రెండేళ్లు దాటింది. చాంద్రమానంలో ఏడో నెల, పదకొండో తిథి, మధ్యాహ్నం. ఆస్పత్రిలో తొమ్మిది రోజులుంది. చివర్లో మాట పడిపోయింది గానీ, అంతకుముందు నాన్నని పిలిచి, "ఓక్‌హీకి చెప్పకండి. నేనున్నాననుకుంటే అదీ ఉంటుంది" అంది.

మన వీధిలో ఇది ఆనవాయితీ అని నీకు తెలిసే ఉంటుంది. ఇటు ఎవరైనా పోతే అటు ఉన్నవాళ్లకి చెప్పరు. ఒకసారి అటు వెళ్లినవాళ్లకి తిరిగి రావడానికి ఉండదు, మట్టి వెయ్యడానికి ఉండదు, ఒంటరిగా ఏడుస్తుంటే పట్టుకునేవాళ్లుండరు, చెప్పి ఏం ప్రయోజనం అంటారు. పక్కింటి హ్యన్ వాళ్లు తమ తాత పోయాక ఆరేళ్లపాటు ఆయన పేరుతో స్వెట్టర్లు పంపారు. నాన్న కూడా అలాగే అన్నాడు, నేనూ తలూపాను. తలూపింది ఒక్కసారే గానీ ఆ రోజు నుంచి నాయనమ్మ మాటలన్నీ నేనే పుట్టిస్తున్నాను. మోకాళ్ల నొప్పులు నేనే పెట్టాను. కేకలు కూడా నావే.

నువ్వు ఆమె కోసం నన్ను రమ్మంటున్నావు. ఆమె లేదు. నేను ఎర్రచొక్కా వేసుకున్నా, పచ్చచొక్కా వేసుకున్నా ఆమెని తేలేను.

ఇంకో నిజం కూడా రాసేస్తాను. నాకు నీలం కావాలి. పన్నెండో ఏట మన బడి యూనిఫాం కింద నీలంచొక్కా తొడుక్కుని వెళ్లి మాస్టారి చేత తన్నులు తిన్నాను. ఇక్కడే పుట్టాను, బంతి తన్నడం ఇక్కడే నేర్చుకున్నాను, కలలో కూడా ఈ భాషలోనే తిట్టుకుంటాను. అలాగని ఇక్కడివాడినా అంటే, కిందటి వారం బంతి బయటికి పోతే తెచ్చుకోవడానికి వెళ్లాను, కంచె వెనక నుంచి ఎవడో "మీ దేశం పోరా" అన్నాడు. ఏ దేశమో చెప్పలేదు. చెప్పుంటే నాకీ బాధ తప్పేది.

పౌరసత్వం ఫారాలు తెచ్చి బీరువాలో పెట్టాను. నాన్నకి తెలుసు. అన్నం తినేటప్పుడు టీవీ శబ్దం పెంచుతాడు.

సుహో

(పోస్టు చెయ్యలేదు.)


ఇకునో, ఒసాకా
డిసెంబరు 9

ఓక్‌హీ అత్తకి,

ఉత్తరం అందింది. అందరం కులాసా. నీ మాట ప్రకారం మన జట్టుకే ఆడదామని అనుకుంటున్నాను. నొమురా గారికి ఇంకా చెప్పలేదు, ఈ వారం చెప్తాను.

నాయనమ్మ విషయం. చలికాలం వచ్చాక బాగా నీరసపడింది. పడవలు ఆపేశారు కదా, ఇప్పుడు బీజింగ్ మీదుగా విమానం మారి రావాలి. డాక్టరు ప్రయాణం వద్దంటున్నాడు. అందుకని ఆశ పెట్టుకోకు అత్తా. నేను వస్తాను. నన్ను చూడు, చాలదా?

మామయ్యకి నమస్కారాలు.

సుహో


వొన్‌సాన్
ఫిబ్రవరి 2

సుహోకి,

అందరూ కులాసా అని తలుస్తాను. ఇక్కడ మంచు మోకాలిలోతు. మేం బాగున్నాం.

డాక్టర్లదేముంది, వాళ్లు వద్దనడానికే చదువుకుంటారు. నువ్వు ఫుట్‌బాల్ ఆడేవాడివి కదరా, ఆ కాళ్లు ఎందుకు మరి? వీపున ఎక్కించుకుని తీసుకురా. ఆవిడ ఎంతని, ముప్పై ఐదు కిలోలుంటుందా? బీజింగ్‌లో విమానం మారేటప్పుడు చక్రాల కుర్చీ ఇస్తారట, కనుక్కున్నాను.

మొన్న అమ్మ పుట్టినరోజు చేశాను. పుట్టినరోజుకి కాచే సముద్రపు నాచుచారు కాచి, తెల్లన్నం వండి, ఆవిడ కుర్చీ అనుకుని ఒక పీట వేసి, ఎదురుగా పెట్టాను. నిండు నూరేళ్లు బతకాలని మొక్కాను. నూరేళ్లు మరీ ఎక్కువ అనిపించి, మార్చి దాకా చాలు, ఆ తర్వాత నీ ఇష్టం అని కూడా మొక్కాను. మీ మామయ్య నవ్వాడు.

ఇంకో మంచి కబురు. మ్యాచ్ కోసం ప్యొంగ్యాంగ్ రావడానికి నాకు మూడు రోజులు అనుమతి దొరికింది. మీరు దిగే హోటల్‌కి ముందురోజు వస్తాను. అమ్మకి లోపల ముల్లంగి కూర పెట్టి చుట్టిన అట్లంటే ప్రాణం. మా ద్వీపం వంట అది, అక్కడ ఎవరు చేసిపెడతారు? చేసి తెస్తాను. ఆవిడకి మాత్రం చెప్పకు. చెప్తే రోజూ అవే కలవరిస్తుంది.

నీ అత్త


ఇకునో, ఒసాకా
మార్చి 4

అత్తా,

నొమురా గారికి చెప్పేశాను. ఈసారి టీ ఇవ్వలేదు. "ఎందుకని?" అన్నాడు. "ఇంటి విషయం" అన్నాను. ఆయన తన గోళ్లు చూసుకుని, "నీ జాగా ఎవడో నింపుతాడు, తర్వాత బాధపడకు" అన్నాడు. మంచివాడే.

ఫారాలు బీరువాలోంచి తీసి పాత పేపర్లతో కట్టేశాను.

ఇరవయ్యో తారీకున బయల్దేరుతున్నాను. మిగతావన్నీ కలిసినప్పుడు చెప్తాను. నీతో చెప్పాల్సినవి చాలా ఉన్నాయి.

సుహో


ఇకునో, ఒసాకా
ఏప్రిల్ 12

అత్తా,

ఆ రోజు నువ్వూ అక్కడే ఉన్నావు, అయినా నేను చూసింది నీకు రాస్తున్నాను. ఎందుకంటే నువ్వు నా వైపు చూడలేదు.

హోటల్లో జట్టు మేనేజరు నాకు అరగంట సమయం ఇచ్చాడు. లిఫ్టు దిగేసరికి నువ్వు సోఫాలో కూర్చుని ఉన్నావు. ఊదారంగు పండగ బట్టలు, ఒళ్లో గుడ్డతో కట్టిన డబ్బా. ఫోటోలో కంటే చిన్నగా ఉన్నావు. నన్ను చూడగానే లేచి నిలబడ్డావు. "అత్తా" అన్నాను. నువ్వు నా భుజం పట్టుకున్నావు గానీ, కళ్లు మాత్రం నా వెనక లిఫ్టు మీదే. తలుపులు మూసుకున్నాయి. అయినా అటే చూస్తున్నావు.

"పైన గదిలో ఉందా? దించొద్దులే, నేనే ఎక్కి వస్తాను" అన్నావు.

అప్పుడు చెప్పాను. ఎన్ని రకాలుగా చెప్పాలని విమానంలో అనుకున్నానో, అవేవీ రాలేదు. "నాయనమ్మ లేదత్తా" అని మాత్రం వచ్చింది. నువ్వు ఏడవలేదు. "ఎప్పుడు?" అన్నావు. ఏ ఏడాదో, ఏ తిథో చెప్పాను. "పొద్దునా, సాయంత్రమా?" అన్నావు. మధ్యాహ్నం అన్నాను. వేళ్ల మీద నెలలు లెక్కపెట్టావు. ఒకసారి తప్పు వచ్చి మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టావు. తర్వాత మా మేనేజరుకి వినబడేలా, "దేశం పేరు నిలబెట్టు బాబూ, బాగా ఆడు" అని, వెళ్లిపోయావు. నాకిచ్చిన అరగంటలో ఇంకా ఇరవై నిమిషాలున్నాయి.

డబ్బా సోఫా మీదే వదిలేశావు. గదికి తీసుకెళ్లి విప్పాను. అట్లని నువ్వు గోరంత గోరంత ముక్కలుగా కోసి పెట్టావు. నాయనమ్మకి పళ్లుండవని. తోటి ఆటగాళ్లు "ఒసాకా బాబుకి ఏం వచ్చిందిరా" అని మూగారు. ఎవరికీ పెట్టలేదు. అన్నీ నేనే తిన్నాను. కడుపు నిండాక కూడా తిన్నాను.

మర్నాడు మ్యాచ్‌లో డెబ్భై తొమ్మిదో నిమిషంలో నన్ను మైదానంలోకి దింపారు. ఇరవై రెండో నెంబరు ఎర్రచొక్కా. పదకొండు నిమిషాలు ఆడాను. బంతి నాలుగుసార్లు తగిలింది నాకు. గీత దాటి లోపలికి కాలు పెట్టేటప్పుడు, ఇదిగో, ఇక వెనక్కి లేదు, అనుకున్నాను. సున్నా-సున్నా దగ్గర ముగిసింది. నువ్వు ఎక్కడ కూర్చున్నావో తెలియక స్టేడియం నాలుగు వైపులకీ చెయ్యి ఊపాను. పక్కవాడు "ఇక్కడ నీకెవరున్నారురా?" అన్నాడు. "మా అత్త ఉంది" అన్నాను.

ఉన్నావు కదా? వచ్చావు కదా?

నన్ను తిట్టు. నాన్నని తిట్టు. నీకు చెప్పొద్దని పోయేముందు నాయనమ్మే అంది, విని దాచింది మేమిద్దరం. జవాబు మాత్రం రాయి.

సుహో


వొన్‌సాన్
జూన్ 20

సుహోకి,

నేను స్టేడియానికి రాలేదు. హోటల్ నుంచి సరాసరి స్టేషనుకి వెళ్లాను. రైలు మర్నాడు రాత్రికి గానీ లేదన్నారు. బెంచీ మీద కూర్చున్నాను. నువ్వు ఆడిన పదకొండు నిమిషాలూ నేను అక్కడే ఉన్నాను. స్టేషనులో మైకులో మ్యాచ్ వినిపిస్తున్నారు. నీ పేరు వచ్చినప్పుడు చెవులు మూసుకున్నాను.

ఇప్పుడు తిడతాను, కాచుకో.

ఎవరిచ్చార్రా మీకు ఆ హక్కు? నా తల్లి పోతే నేను ఏడవాలో వద్దో చెప్పులు కుట్టే నా తమ్ముడూ, బంతి తన్నే వాడి కొడుకూ నిర్ణయిస్తారా? చచ్చిపోయిన మనిషి ముందు నాచుచారు పెట్టి నూరేళ్లు బతకమని మొక్కించారు నా చేత. రెండు తద్దినాలు వెళ్లిపోయాయి. ఆ రెండు రోజుల్లో నేనేం చేశానో గుర్తు తెచ్చుకోవాలని చూశాను. ఒక్కటీ గుర్తు రాలేదు. మామూలు రోజులైపోయాయి అవి. బట్టలుతుక్కుని ఉంటాను, ఎవరితోనో నవ్వి ఉంటాను. కూతురు తద్దినం పెట్టకూడదంటారు, తెలుసు. తలుపు వేసుకుని, గోడ వైపు తిరిగి, ఒక గిన్నెడు అన్నం పెట్టి తల వంచితే ఎవడు చూస్తాడు? అది కూడా లేకుండా చేశారు. ఆవిడ చెప్పొద్దందట. ఆవిడ చెప్పింది వినడానికి మీకు అదొక్కటే దొరికిందా?

ఇంతవరకూ రాసి కలం పెట్టేశాను. నాలుగు రోజులు మళ్లీ ముట్టలేదు.

ఒరేయ్, నిన్ను తిట్టే మొహం నాకు లేదు. మీ మామయ్య పోయి ఆరేళ్లయింది.

వలల ఫ్యాక్టరీలో పని చేస్తూ గుండె పట్టుకుని కూలిపోయాడు. అమ్మకి తెలిస్తే, పిల్లా పీచూ లేదు, ఒంటరిదైపోయింది కూతురు అని కుమిలిపోతుందని రాయలేదు. ఆవిడ పోయాక కూడా ఆవిడ కోసమే రాయలేదు, తెలియక. ఆయన అడిగానన్నాడని, ఆయన నవ్వాడని, అద్దాలు సరిపోయాయని అన్నీ నేనే రాశాను. అద్దాలు పక్కింటి ముసలాయనకిచ్చాను. ఆయనకి సరిపోలేదు.

అంటే మీ ఇంట్లో లేని మనిషి మాటలు నువ్వు రాశావు, మా ఇంట్లో లేని మనిషి మాటలు నేను రాశాను. ఇన్నాళ్లూ ఆ ఇద్దరే ఒకరి కులాసా ఒకరు అడిగారు. మనిద్దరం ఏం మాట్లాడుకున్నామో నాకు తెలియడం లేదు.

ఇప్పుడు నిన్నొకటి అడుగుతాను. అబద్ధం రాశావో, ఇక నాకు ఉత్తరం రాయొద్దు. ఆ చొక్కా నీకోసం వేసుకున్నావా, నాకోసమా? చచ్చేదాకా విప్పేది కాదని మొదటి ఉత్తరంలోనే నువ్వు రాశావు. నేను ఆ వాక్యం చదివాను. చదివి, అమ్మ వస్తుంది కదా అని పక్కకి తోసేశాను. నేనెంత స్వార్థపరురాలినో స్టేషను బెంచీ మీద కూర్చునేదాకా తెలియలేదు.

ఏడో నెల పదకొండో తిథి ఈసారి ఆగస్టు చివర్లో పడింది. ఇక్కడ నా ఏర్పాట్లు నేను చేసుకుంటున్నాను.

ఓక్‌హీ


ఇకునో, ఒసాకా
ఆగస్టు 5

అత్తా,

నిజం రాయమన్నావు, రాస్తున్నాను.

నీ కోసమే వేసుకున్నాను. నువ్వు అడక్కపోయుంటే నీలమే వేసుకునేవాణ్ణి. ఆ చొక్కా నాకు ఎంత కావాలో డిసెంబరులో ఒక ఉత్తరంలో రాసి నీకు పంపలేదు. దాన్ని ఇందులో పెడుతున్నాను, చదువుకో. నాయనమ్మ సంగతి అప్పుడే పోస్టు చేసి ఉంటే నువ్వు నన్ను రమ్మనేదానివి కాదు, నేను ఈపాటికి నీలంలో ఉండేవాణ్ణి. చేతులారా చేసుకున్నాను. నిన్ను అనడానికి ఏమీ లేదు.

కోపం లేదా అంటే, కొన్ని రోజులు ఉంటుంది. మొన్న నొమురా గారు చెప్పిన ఆ "ఎవడో" నీలం జట్టులో నా జాగాలోకి వచ్చేశాడు. నాకంటే రెండేళ్లు చిన్న. టీవీలో చూశాను. బాగా ఆడుతున్నాడు. ఆ కుర్రాడు బంతి వదిలేస్తే నాకు సంతోషం వేస్తోంది, వెంటనే సిగ్గేస్తోంది. నాన్న టీవీ శబ్దం తగ్గించాడు. తగ్గించడం నేను ఎప్పుడూ చూడలేదు. "నువ్వైతే ఆ బంతి వదిలేవాడివి కాదు" అన్నాడు. ఆటని గురించి నాన్న నాతో అన్న మొదటి మాట అది.

మామయ్య సంగతి నాన్నకి చదివి వినిపించాను. జిగురు చేతులతోనే ఉత్తరం అందుకున్నాడు, కాగితం రెండు చోట్ల అంటుకుంది. మామయ్య పోయింది ఏ తిథో రాయి. ఇక్కడ కూడా పెడతాం.

ప్యొంగ్యాంగ్ జట్టులో నేను "ఒసాకా బాబు"ని. నా మాట యాస వాళ్లకి నవ్వు. ఒసాకాలో నేను "ఆ దేశం తరఫున ఆడేవాడు". మా వీధి కొట్టువాడు కూడా ఇప్పుడు చిల్లర ఇస్తూ ఒక క్షణం ఆగి చూస్తాడు. రెండు చోట్లా నా పేరు సరిగ్గా పిలిచేవాళ్లు చాలా తక్కువ. జాతీయగీతం పాడేటప్పుడు పెదవులు కదిలిస్తాను. మాటలు వచ్చు, బడిలో నేర్పారు. గొంతు మాత్రం రాదు. ఆ ఒకటిన్నర నిమిషం అంత ఒంటరిగా నేను ఎక్కడా ఉండను అత్తా. ఇవన్నీ నీకు తప్ప ఎవరికి రాసుకోను?

అయినా ఒకటి చెప్పాలి. ఆ పదకొండు నిమిషాల్లో నాలుగో సారి బంతి నా కాలికి తగిలినప్పుడు, అవతలి జట్టువాడు బంతితో గోల్ మీదికి పరిగెడుతున్నాడు. అడ్డం పడి బంతి లాగేశాను. స్టేడియమంతా ఒక్కసారి లేచింది. అప్పుడు నేను నిన్ను తలుచుకోలేదు, నాయనమ్మనీ తలుచుకోలేదు, చొక్కా రంగు కూడా గుర్తులేదు. ఆ బంతి నాది, అంతే. ఆ ఒక్కటీ నా కోసం ఆడాను. ఇక మీదట ఎన్ని మ్యాచ్‌లు ఉంటాయో, అలాంటివి ఎన్ని దొరుకుతాయో చూస్తాను.

అక్టోబరులో మళ్లీ అక్కడ ఆట ఉంది. అనుమతి అడుగు. అదే హోటల్, అదే లాబీ అంటున్నారు. అట్లు తెస్తే తే, తేకపోతే లేదు, తెస్తే మాత్రం ముక్కలు కొయ్యకు, నాకు పళ్లున్నాయి.

లిఫ్టులోంచి నేనొక్కణ్ణే దిగుతాను. నా వెనక ఎవరూ ఉండరు. ఈసారి నన్ను చూడు అత్తా.

నీ మేనల్లుడు
సుహో